ఎంగిలి పడవ

వంటింటి గూట్లో గ్లాసులు ఉండాల్సిన చోట గంజి ఉంది.

కాసులమ్మ ఆ గంజినీ, కోడలినీ మార్చి మార్చి చూసింది. ఆవిడ లెక్కలో ఇంట్లో ఏ విపరీతం జరిగినా దానికి కారకులు ఇద్దరే. ఒకరు దేవుడు, రెండోది హైమావతి. దేవుడు పొద్దున్నే గూట్లో గంజి ఒంపడు కాబట్టి విచారణ తొందరగానే తేలిపోయింది.

"ఏవే, గ్లాసులు పెట్టేచోట గంజి పోసిందెవరు?"

"గంజి కాదత్తయ్యా. అవి గ్లాసులే."

"ఆఁ?"

"గ్లాసులే గంజయ్యాయి."

ఆవిడ ఇంకేదో అనబోయి కోడలి మొహం చూసి ఆగిపోయింది. హైమావతి గంజి మీదికి వంగి వాసన చూస్తోంది. పులవబోయే అన్నానికి ఉండే తీపి కంపు. ఆ కంపుతో ఆమె ఆరేళ్ళుగా కాపురం చేస్తోంది, కానీ అది షెడ్డులో. కాకినాడ పోర్టు రోడ్డు మీది ఆ రేకుల షెడ్డులో, మూత బిగించిన తొట్టెల్లో ఉండాల్సిన వాసన అది. ఇంటికి రాకూడదు.

షెడ్డులో తయారయ్యే సరుకు పేరు 'మళ్ళీ'. చిరిగిన వలలు, తాగి పారేసిన సీసాలు, విరిగిన కుర్చీలు పొడిగొట్టి, ఆ పొడిని పిండిపదార్థంతో ముడులు వేసి అచ్చుపోస్తే కొత్త వస్తువు వస్తుంది. పాతబడ్డాక తొట్టెలో వేసి, 'తాళంచెవి' అని పిలుచుకునే రసం కలిపితే ముడులన్నీ ఊడి మళ్ళీ గంజి అవుతుంది. ఆ గంజిని ఉడకబెట్టి, తాళంచెవిని చంపి, మళ్ళీ అచ్చుపోస్తారు. మొదటిసారి పోసినదాన్ని షెడ్డులో మొదటి కాన్పు అంటారు, గంజి నుంచి తిరిగి పోసినదాన్ని రెండో కాన్పు. ఈ ఇంటి గ్లాసులు ఆరూ రెండో కాన్పువే. భూమ్మీద ఇక చెత్త అన్నదే ఉండదని డైరెక్టర్ పరాంకుశం గారు ప్రతి సభలోనూ చెబుతారు. సభ అయ్యాక అక్కడి చెత్త ఊడ్చేవాళ్ళు వేరే ఉంటారు.

ఆ తాళంచెవి హైమావతి చేసినది. చేసింది ఎమ్మెస్సీ చదివిన బుర్రతోనే గానీ, మూలసరుకు మాత్రం అందరి నోళ్ళలోనూ ఉండేదే. అన్నం నములుతుంటే తియ్యబడుతుందే, ఆ పని చేసే రసం. దాన్ని కాస్త మార్చింది. మామూలు ఉమ్మి 'మళ్ళీ'ని ఏమీ చెయ్యలేదు, మార్చిన తాళంచెవి మాత్రమే ముడి విప్పగలదు. ఆమె ధీమా అది.

హైమావతి గరిటెడు గంజి గిన్నెలోకి తీసి, రాత్రి అన్నం వార్చిన గంజి కాస్త కలిపి, మందుల డబ్బాలోని టించర్ అయోడిన్ రెండు చుక్కలు వేసింది. గిన్నె నిండా ముదురు నీలం విచ్చుకుంది. పిండి ఉన్నచోట నీలం రావడం సహజం. తాళంచెవి చచ్చి ఉంటే, వచ్చిన నీలం నిలబడాలి.

నిలబడలేదు. చూస్తుండగానే ఊదా అయింది, గోధుమరంగయింది, వెలిసిపోయింది.

చచ్చిందనుకున్నది చావలేదు. నిద్రపోయింది. ఇప్పుడు లేచి తింటోంది.

"అత్తయ్యా, నిన్న ఈ గ్లాసుల్లో నోరు పెట్టి తాగిందెవరు?"

కాసులమ్మ కొంగు సర్దుకుంది. "నోరు పెట్టా? ఈ ఇంట్లోనా? నా ఎదురుగా?" ఈ ఇంట్లో నిన్న హత్య చేసిందెవరు అని అడిగినా ఆవిడ అంత నొచ్చుకునేది కాదు. ఆవిడ ఏలుబడిలో గ్లాసు ఎత్తి, నోరు తెరిచి, ధార పోసుకోవాలి. తినే చేత్తో గ్లాసు ముట్టుకుంటే ఆ పూటకి మాటలు పడాలి. కాపురానికొచ్చిన కొత్తలో హైమావతి ఎన్నిసార్లు ముక్కులోకి నీళ్ళు పోసుకుందో ఆ వంటింటికే తెలుసు.

గుమ్మంలోంచి ఆడపడుచు సుభాషిణి మెల్లగా అంది. "బుజ్జులు కొరికింది వదినా. దానికి పళ్ళొత్తన్నాయి కదా. నిన్న సాయంత్రం గ్లాసు అంచు పట్టుకుని ఒకటే నమలడం."

"మరి ఆ గ్లాసు విడిగా పెట్టలేదా?"

"పసిబిడ్డకి ఎంగిలేంటే?" అంది కాసులమ్మ. "కడిగి, మిగతావాటితో పాటు బోర్లించేను."

సుభాషిణి చంకలో బుజ్జులు నాలుగు పళ్ళూ బయటపెట్టి నవ్వింది. పెద్దవాళ్ళ ఎంగిలి అంటితే ఇల్లంతా కడిగే ఊళ్ళో, పసిపిల్లల ఎంగిలి ఎంగిలి కాదు. లోకమంతా ఒప్పుకున్న ఈ మినహాయింపు తాళంచెవికి ఎవరూ చెప్పలేదు. పుట్టింటివాళ్ళ గొంతు విన్న కొత్తకోడలిలా అది ఉమ్మి తగలగానే లేచి కూర్చుంది. ఒక గ్లాసు నుంచి ఆనుకున్న గ్లాసుకి, దాన్నుంచి ఇంకోదానికి పాకింది. అచ్చం కాసులమ్మ చెప్పే ఎంగిలి లాగే. తగిలిందల్లా ఎంగిలే.

అప్పుడు గుర్తొచ్చింది హైమావతికి, షెడ్డులో జరిగిన పరీక్ష. రెండో కాన్పు గ్లాసులతో మనుషుల చేత నీళ్ళు తాగించారు. ఊళ్ళోంచి వందలమంది వచ్చి తాగారు. ఒక్క గ్లాసూ చెక్కుచెదరలేదని కాగితాల మీద సంతకాలయ్యాయి. అందరికీ అవే గ్లాసులు తిప్పి తిప్పి ఇచ్చారు. పదిమంది తాగే గ్లాసుకి మూతి తగిలించే మనిషి ఆ జిల్లాలో ఉంటాడా? అందరూ మర్యాదగా ఎత్తి పోసుకున్నారు. నీళ్ళు తాగారే తప్ప గ్లాసుని పరీక్షించిన నోరు ఒక్కటీ లేదు. పక్కనే నిలబడి రాసుకున్న హైమావతికి అది తప్పుగా తోచలేదు. తోచేదెలా, తానూ అలాగే తాగింది.

"పోనీలెద్దూ," అంది కాసులమ్మ. "అయిదు గ్లాసులేగా. ఆరోది మావాడు పొద్దున్నే పడవలోకి పట్టుకెళ్ళేడు."

హైమావతి చేతిలో గిన్నె గూటి అంచుకి తగిలి ఖంగుమంది.

మొగుడు గవర్రాజు పడవ రెండో కాన్పుది. అడుగు నుంచి అంచు దాకా.

*

స్కూటరు తీసేలోపు మొగుడికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. అందుబాటులో లేడు. పరాంకుశం గారికి చేసింది. ఆయన అందుబాటులోనే ఉంటారు, ఉపయోగంలోనే ఉండరు.

"అసంభవం హైమావతీ. అంతమంది తాగారు."

"ఎలా తాగారు సార్?"

"ఎలా ఏంటి? గ్లాసు పుచ్చుకుని, ఇలా ఎత్తి..."

తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "ఈ సంగతి నువ్వు ఎవరితోనూ అనకు. ఆదివారం కొత్త పడవలు నీళ్ళలోకి దించుతున్నాం. పెద్దవాళ్ళొస్తున్నారు. అది కానియ్, తర్వాత నెమ్మదిగా..."

ఆమె ఫోను కట్టేసింది. వెనక సీటు మీద కాసులమ్మ అప్పటికే ఎక్కి కూర్చుంది. కొడుకూ, అల్లుడు త్రిమూర్తులూ ఒకే పడవలో ఉన్నారు. ఆవిడని దిగమనే ధైర్యం ఎవరికీ లేదు.

"పడవ మీద ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదే?" దారిలో వెనకనించి అడిగింది. గొంతులో మామూలు దర్పం లేదు.

"ఇన్నాళ్ళూ దానికి ఉమ్మి తగల్లేదు అత్తయ్యా."

"ఎవడుమ్ముతాడే పడవలో? తల్లి కదా!"

అదీ నిజమే. పడవని తల్లి అనుకున్నారు, గ్లాసుని మడి అనుకున్నారు. ఇంత భక్తి ఉన్న ఊళ్ళో పరీక్ష పెడితే ఏ సరుకైనా నెగ్గుతుంది.

జెట్టీ మీద సంఘం గదిలో వైర్‌లెస్ సెట్టు ఉంది. కాసులమ్మ వెళుతూనే దాని ముందు కూర్చున్నాయన్ని భుజం పట్టి లేపింది. హైమావతి మైకు అందుకుంది.

"గవర్రాజు బోటు... గవర్రాజు బోటు... నేను హైమని."

గరగరలోంచి గొంతు వచ్చింది. "ఆయ్, చెప్పు. ఏంటి పొద్దున్నే?"

"మీరు పట్టుకెళ్ళిన గ్లాసు ఎంగిలైంది. దాన్ని పడవకి తగలనివ్వకండి."

సముద్రం మీద ఉన్న పడవలన్నీ వినే సెట్టు అది. ఒక్కసారి నవ్వులు పేలాయి. కోదండం అనే అతను అందుకున్నాడు. "ఎంగిలైతే కడుక్కోమనండి వదినగారూ! సముద్రంలో నీళ్ళకి కరువొచ్చిందా?"

"మాయమ్మ పక్కనే ఉన్నట్టుంది," అన్నాడు గవర్రాజు నవ్వుతూ. "అమ్మా, ఒడ్డునించి కూడా వదలవా?"

"నవ్వకండి. గ్లాసెక్కడుంది?"

"ఎక్కడుంటాది, ఇంజను పక్కన బోర్లించేను. ఇదిగో..." మాట ఆగింది. "బావా, ఇక్కడి గ్లాసు నువ్వు తీసేవా?... హైమా, ఇక్కడ గ్లాసు లేదు. గంజుంది."

నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"దాని కింద పడవ గట్టిగా ఉందా?"

"వేలెడితే దిగుతోంది."

కాసులమ్మ గోడకి ఆనుకుంది. హైమావతి కళ్ళు మూసుకుని ఆలోచించింది. నోట్లో పనిచేసే రసం కడుపులోకి దిగితే ఆగిపోతుంది. ఎందుకు? అక్కడి పులుపుకి. షెడ్డులో తొట్టెలు కడిగేదీ పుల్లనీళ్ళతోనే.

"చింతపండుందా?"

"ఉండేది. పులుసులో పడిపోయింది."

"పులుసెక్కడుంది?"

"పొయ్యిమీద. మరుగుతోంది."

"పొయ్యండి. గంజి మీదా, దాని చుట్టూ, ఎక్కడ మెత్తబడితే అక్కడ."

త్రిమూర్తులు గొంతు దీనంగా వినిపించింది. "మొత్తమా చెల్లెమ్మా?"

"ముక్కల్తో సహా అన్నయ్యా!"

కళాయి ఒంపిన చప్పుడు, బుస్సుమని ఆవిరి, ఎవరో చెయ్యి కాల్చుకున్న కేక. తర్వాత గవర్రాజు. "ఆగిందే! అంచులు గట్టిగానే ఉన్నాయి. పాకడం లేదు."

గదిలో అందరూ ఊపిరి వదిలారు. హైమావతి వదల్లేదు. ఇంజను వేడికి పైన పాకినది, లోపలికి ఎంత దిగిందో ఎవరు చూశారు? పులుసు పైపైనే పారుతుంది.

"ఇంజను ఆపి, దూరంగా..."

సెట్టులో పెద్ద చప్పుడు. చెక్క విరిగిన చప్పుడు కాదు, బురదలో బండరాయి పడ్డ చప్పుడు. గవర్రాజు అరిచాడు. తర్వాత ఏమీ లేదు, గరగర తప్ప.

*

"నేను కోదండాన్ని. నాకు కనపడతన్నారు," అంది సెట్టు. అతని గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు. "ఇంజను అడుగులోంచి దిగిపోయింది వదినా. అన్న కాలు మీదుగా పోయింది. నీళ్ళొచ్చేత్తన్నాయి. నేను పోయి ఆనిస్తాను, ఇద్దర్నీ లాగేస్తాను."

"ఆనించకండి!"

"ఏంటి?"

"మీదీ రెండో కాన్పు పడవే కోదండంగారూ. అదే తొట్టె, అదే నెల. అది తగిలితే మీ పడవా కరుగుతుంది. మీతో ఎంతమంది ఉన్నారు?"

"అయిదుగురం."

"దూరంగా ఆగి, వాళ్ళని నీళ్ళలోకి దూకమనండి."

సెట్టులో కేకలు, అలల హోరు. తర్వాత, "దూకేరు. ఈదుతున్నారు. అన్న చేతులే వేస్తన్నాడు, కాలాడటం లేదు. వచ్చేసేరు వదినా, చెయ్యందిస్తే అందుతారు. ఎక్కించుకుంటున్నాను."

హైమావతి మైకు ఇంకా దగ్గరికి లాక్కుంది. "ఒంటికి గంజి ఉందా?"

"నిలువెల్లా ఉంది. పేరిన నెయ్యిలాగ. సముద్రం నీళ్ళకి పోవట్లేదు."

"అయితే ఎక్కించుకోవద్దు."

గదిలో ఉన్నవాళ్ళందరూ ఆమెని చూశారు. అందరికంటే ముందు కాసులమ్మ చూసింది. ఆ చూపుకి హైమావతి తలతిప్పలేదు. తిప్పితే మాట మారిపోతుందని తెలుసు.

"వదినా... మీ ఆయన్ని ఎక్కించుకోవద్దంటున్నారా?"

"గంజితో ఎక్కితే ఏడుగురూ మునుగుతారు. చింతపండుందా మీ దగ్గర?"

"ఉంది. ముద్దంత."

"విసరండి. ఒళ్ళంతా తోముకోమనండి. ఇత్తడి బిందె తోమినట్టు, మిగలకుండా. తర్వాతే చెయ్యందించండి."

త్రిమూర్తులు తోముకున్నాడు. అతన్ని లాగారు. పడవ కరగలేదని కోదండం చెప్పాడు. ఇక గవర్రాజు.

"అన్న చేతులాడటం లేదు. రక్తం బాగా పోయింది. మునుగుతున్నాడు వదినా. లాగేస్తాను, ఏదైతే అదవుతాది."

"వద్దు!"

హైమావతి మైకుని రెండు చేతులా పట్టుకుంది. "ఎవరైనా దూకండి. దూకి మీరే తోమండి. ఆయన్ని పట్టుకున్నవాళ్ళు మళ్ళీ తమని తోముకోవాలి. దయచేసి కోదండంగారూ!"

నీళ్ళలో దబ్బున చప్పుడయింది.

"త్రిమూర్తులు దూకేడు," అంది సెట్టు.

కాసులమ్మ గోడ దగ్గర్నించి వచ్చింది. కోడలి చేతిలో మైకు లాక్కుంటుందేమో అనుకున్నారు అందరూ. ఆవిడ లాక్కోలేదు. మైకు మీదికి వంగి, ఊళ్ళో ముప్పై ఏళ్ళు చేపలమ్మిన గొంతుతో అరిచింది.

"అల్లుడూ! వీపు కూడా తోమయ్యా!"

ఆ తర్వాత ఆవిడ కోడలి భుజం మీద చెయ్యి వేసి, కోదండం "పైకొచ్చేసేరు, ఇద్దరూ పైకొచ్చేసేరు" అనేదాకా తియ్యలేదు. ఆ భుజం మీద వేళ్ళ గుర్తులు చాలారోజులు ఉన్నాయి.

గవర్రాజు పడవ మునగలేదట. మునగడానికి పడవలా మిగలాలి కదా. సముద్రం మీద తెల్లగా, అన్నం వార్చినట్టు పరుచుకుని, అలలతో పాటు ఊగి, కలిసిపోయిందట. మిగతా పడవలన్నీ ఆ సాయంత్రం ఒడ్డుకొచ్చి ఒకదానికొకటి తగలకుండా ఎడంగా నిలబడ్డాయి, మడి కట్టుకున్న ముత్తయిదువల్లాగా.

*

పరాంకుశం గారు ఆసుపత్రికి ద్రాక్షపళ్ళు పట్టుకొచ్చారు. గవర్రాజు కుడికాలి పాదం సగం తీసేశారు. ఆయన ఆ కట్టు వైపు చూడకుండా కిటికీతో మాట్లాడారు.

"ఊరంతా వినే సెట్టులో చెప్పేశావు హైమావతీ."

"ఇంకో సెట్టు లేదు సార్."

"ఆదివారం సభ ఆగిపోయింది. ఆసుపత్రులకిచ్చిన మంచాలూ, బడులకిచ్చిన బల్లలూ అన్నీ వెనక్కి రప్పిస్తున్నాం. నీ తాళంచెవి వల్ల..."

"అవును. నా తాళంచెవి వల్లే," అంది ఆమె. "కట్టు అటుంది సార్. ఒకసారి చూడండి."

ఆయన చూశారు. ద్రాక్షపళ్ళు బల్ల మీద పెట్టి, ఇంకేమీ అనకుండా వెళ్ళారు. ఉద్యోగం తియ్యలేదు. తప్పు ఎక్కడుందో తెలిసినది ఆమె ఒక్కతే అయినప్పుడు తియ్యడం కష్టం.

వానలు పడేనాటికి మార్గం దొరికింది. గంజిని ఉడకబెట్టే ముందు పుల్లటి నీళ్ళలో నానబెడితే తాళంచెవి నిద్రపోవడం కాదు, చచ్చిపోతోంది. అయోడిన్ నీలం నీలంగానే నిలబడుతోంది. గ్లాసులు అచ్చుపోశారు. ఈసారి పరీక్షలో మూతి పెట్టి తాగాలని గోడమీద పెద్ద అక్షరాలతో రాసి అంటించారు. వచ్చినవాళ్ళు అది చదివి, తల ఊపి, గ్లాసు ఎత్తి ధార పోసుకున్నారు. చెబితే నాలిక కరుచుకుని, మళ్ళీ ఎత్తే పోసుకున్నారు. చెయ్యి మాట వినదు.

ఆ సాయంత్రం కొత్త గ్లాసు ఇంటికి తెచ్చి, గచ్చు మీద పెట్టి దాని ఎదురుగా కూలబడింది హైమావతి. గవర్రాజు చంకకర్ర పక్కన పెట్టి చెయ్యి చాచాడు. "ఇటియ్యి, నేను తాగుతాను."

"నువ్వాగరా," అంది కాసులమ్మ.

ఆవిడ వచ్చి గ్లాసు ముందు బాసింపట్టు వేసుకుంది. "పసిపిల్ల ఉమ్మికే కరిగింది కదే ముందుది? నా నోటికి తట్టుకుందంటే లోకంలో దేనికైనా తట్టుకుంటాది."

గవర్రాజు నవ్వబోయి పెళ్ళాం మొహం చూసి ఆపుకున్నాడు.

కాసులమ్మ గ్లాసు తీసుకుంది. చెయ్యి అలవాటుగా పైకి లేచింది. ఆవిడ ఆ చేతిని రెండో చేత్తో పట్టి కిందికి దించింది. కళ్ళు గట్టిగా మూసుకుంది, చేదుమందు తాగేవాళ్ళలా. జీవితంలో మొదటిసారి గ్లాసు అంచుకి పెదవులు ఆనించింది. ఆనించి, ఒక గుక్క కాదు, నీళ్ళన్నీ తాగింది. దించి, కొంగుతో మూతి తుడుచుకుని, దాన్ని గూట్లో బోర్లించి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళి పడుకుంది.

తెల్లారి హైమావతి గూటి దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే అక్కడ నిలబడి ఉంది. గ్లాసు ఉంది. గోటితో కొడితే టంగుమంది. అంచు నొక్కితే వేలు నొచ్చింది.

"నిలబడిందత్తయ్యా."

"నిలబడింది," అంది కాసులమ్మ. "అయినా అది ఎవరూ ముట్టుకోకండి. నా ఎంగిలిది."

హైమావతి గ్లాసు తీసి, కుండలోంచి నీళ్ళు ముంచింది. అత్తగారి పెదవుల గుర్తు అంచు మీద ఇంకా మసగ్గా ఉంది. సరిగ్గా అక్కడే తన పెదవులు ఆనించి, తాపీగా తాగింది.

"ఛీ ఛీ," అంది కాసులమ్మ. కానీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి, చెయ్యి చాచి అందుకుని, గూట్లో కొత్తగా కొన్న స్టీలు గ్లాసుల పక్కన, వాటికి తగిలేలా పెట్టింది.